టీకా మీద అనుమానం వచ్చిందా? ఆన్‌లైన్‌లో చదివింది నమ్మేముందు చేయాల్సిన పనులు

బిడ్డకు టీకా వేయించాల్సిన తేదీ దగ్గరపడేకొద్దీ ఫోన్‌లో వెతుకులాట ఎక్కువవుతుంది. టీకా వేశాక జ్వరం ఎన్నాళ్లుంటుందో చూద్దామని మొదలుపెడతాం. పది నిమిషాలు తిరిగేసరికి ఎవరో కన్నీళ్లు పెట్టుకుంటూ చెప్పే వీడియో ముందు ఉంటాం. ఇక ఆ రాత్రికి నిద్ర పట్టదు. ఇలాంటి తల్లిదండ్రులను మూర్ఖులని కొట్టిపారేసేవాళ్లంటే నాకు చిరాకు. జబ్బుపడిన బిడ్డకు మందు పట్టించడం వేరు, నవ్వుతూ ఆడుకుంటున్న బిడ్డకు సూది వేయించడం వేరు. రెండోదాని ముందు మనసు ఒకసారి ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన పది ఆరోగ్య ముప్పుల జాబితాలో టీకాల విషయంలో వెనుకాడటం కూడా ఉంది. అయితే జాబితాలో చేర్చినంత మాత్రాన ఎవరి భయమూ పోదు.

భయం పోకపోవడానికి సమాచారం దొరక్కపోవడం కారణం కాదు, కావలసినదానికంటే ఎక్కువే దొరుకుతోంది. మనం అడిగే ప్రశ్న మరీ పెద్దది కావడమే చిక్కు. "టీకాలు మంచివేనా?" అని అడిగితే ఇంటర్నెట్ లక్ష జవాబులిస్తుంది, వాటిలో ఒక్కటీ తేలదు. ప్రశ్నను చిన్నది చేసుకోవడం, జవాబిచ్చేది ఎవరో కనుక్కోవడం, ఒకచోట ఆగడం: ఈ మూడూ వస్తే చాలావరకు పని అయిపోతుంది.

1. అనుమానాన్ని ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి

ఏ టీకా, ఏ వయసులో, దేనివల్ల, ఏం జరుగుతుందని భయం? ఈ నాలుగూ ఆ వాక్యంలో ఉండాలి. "కెమికల్స్ ఉంటాయట" అన్నది ప్రశ్న కాదు. "టీకాల్లో వాడే అల్యూమినియం లవణాలవల్ల పిల్లలకు దీర్ఘకాలిక జబ్బులు వస్తాయా?" అన్నది ప్రశ్న. ఇలా అడిగితే జవాబు దొరుకుతుంది: డెన్మార్క్‌లో 12 లక్షలకు పైగా పిల్లల రికార్డులను పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో ఆస్తమా, ఆటిజం, ఆటోఇమ్యూన్ జబ్బులతో (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసేవి) సహా 50 రకాల సమస్యలను చూశారు. టీకాల ద్వారా అందిన అల్యూమినియం మోతాదు పెరిగినకొద్దీ జబ్బులు పెరిగిన దాఖలా కనిపించలేదు.

వాక్యానికి ఇంకో సగం కూడా జోడించండి: "దేనితో పోలిస్తే?" చాలామంది వదిలేసేది ఇదే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా తర్వాత జ్వరంతో ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది, దాదాపు మూడు నాలుగు వేల డోసులకు ఒకసారి. చూసే తల్లిదండ్రులకు గుండె ఆగినంత పనవుతుంది గానీ, ఆ ఫిట్స్ సాధారణంగా శాశ్వత హాని చేయవు. అదే తట్టు సోకితే వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది, మంచి వైద్యం దొరికే దేశాల్లోనూ వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురి దాకా చనిపోతారు. 1963లో టీకా రాకముందు ప్రపంచంలో ఏటా 26 లక్షల మంది తట్టుతో చనిపోయేవాళ్లు. ఇప్పుడు ఆ జబ్బును కళ్లారా చూసినవాళ్లు తక్కువ, టీకా తర్వాత ఏడ్చే పిల్లలను చూసినవాళ్లు ఎక్కువ. కంటికి కనిపించేదాని గురించే భయపడతాం కాబట్టి తక్కెడ ఒకవైపే మొగ్గుతుంది.

రాసిన వాక్యం చదువుకుంటే ఒక్కోసారి అసలు భయం వేరే అని తెలుస్తుంది. "కంపెనీలను నమ్మలేను", "పోయినసారి డాక్టరు కసురుకున్నాడు" లాంటివి. ఇవి అంకెలతో తీరే అనుమానాలు కావు. వాటికోసం రాత్రంతా పరిశోధన పత్రాలు చదవడం దండగ, నేరుగా 7వ అంచెకు వెళ్లండి.

2. వెతికే మాటలను బట్టే దొరికేది ఉంటుంది

"టీకా ప్రమాదాలు", "టీకా మరణాలు" అని కొడితే అవే వస్తాయి. అడిగినదాన్నే సెర్చ్ ఇంజన్ తెచ్చిపెడుతుంది. టీకా పేరు, జబ్బు పేరు, వయసు, "దుష్ప్రభావాలు ఎంతమందిలో" అనే మాటలతో వెతకండి. భయం కలిగించే వీడియోను చివరిదాకా చూస్తే మర్నాటి నుంచి అలాంటివే వరుస కడతాయి. వాటిని చూసి "అందరూ ఇదే అంటున్నారు" అనుకోకండి, అది మీరు ఆగి చూసిన ఫలితం.

3. పేజీ చదవకముందే దాన్ని వదిలి బయటికి రండి

ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ నా దృష్టిలో అన్నింటికంటే పనికొచ్చే అలవాటు ఇదే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్ర ఆచార్యులకు, విద్యార్థులకు, వృత్తిరీత్యా వార్తలను సరిచూసే ఫ్యాక్ట్‌చెకర్లకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. అందులో రెండు పిల్లల వైద్యుల సంఘాలున్నాయి. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్: 1930లో పుట్టింది, 60 వేలకు పైగా సభ్యులున్నారు. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్: భావజాల విభేదాలతో దాన్నుంచి విడిపోయి 2002లో ఏర్పడిన చిన్న గుంపు. పేర్లు ఒకేలా ఉన్నాయి, రెండు సైట్లూ హుందాగా ఉన్నాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది రెండోదే నమ్మదగినదన్నారు, ఆచార్యుల్లోనూ చాలామంది తడబడ్డారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం ఒక్కరూ పొరబడలేదు. వాళ్లు ఆ పేజీని శ్రద్ధగా చదవలేదు. వెంటనే పక్కన కొత్త ట్యాబ్ తెరిచి, ఈ సంఘం గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు.

మీరూ అదే చేయండి. సైటు పేరు, రాసినవారి పేరు విడిగా వెతకండి. వారి చదువు ఏ రంగంలోనిది? పళ్ల డాక్టరు, కీళ్ల డాక్టరు కూడా డాక్టర్లే, వాళ్లకు రోగనిరోధక శాస్త్రం తెలిసి ఉండాలని లేదు. పేజీ కిందికి జరిపితే టీకాకు "బదులుగా" వాడే పొడులు, చుక్కలు, డబ్బు కట్టి చేరే కోర్సులు కనిపిస్తున్నాయా? కంపెనీలకు లాభం ఉందనే అనుమానం న్యాయమైనదే, కాకపోతే భయం అమ్ముకునేవాళ్లకూ అదే కొలబద్ద పట్టాలి.

సైటు మీద నాణ్యతా ముద్ర ఉందని మురిసిపోకండి. ఆరోగ్య సైట్లకు ఒకప్పుడు పేరున్న హాన్‌కోడ్ ముద్రను ఇచ్చే సంస్థ 2022లో మూతపడింది, ఆ గుర్తు ఇంకా వేలాడుతున్నా దాని వెనక ఎవరూ లేరు. ప్రభుత్వ సైటు అయినంత మాత్రాన ప్రతి వాక్యమూ శిలాశాసనం కాదు. టీకాలవల్ల ఆటిజం రాదని ఏళ్ల తరబడి స్పష్టంగా చెప్పిన అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పేజీని 2025 నవంబరులో మార్చేశారు, ఆ మాటకు ఆధారం లేదన్నట్టు రాశారు. కొత్త అధ్యయనమేదీ దానికి కారణం కాదు, మారింది పైనున్న అధికారులు. అందుకే ఒక్క దేశపు ఒక్క సైటు మీద ఆధారపడొద్దు. ఒకరికొకరు సంబంధం లేని రెండు మూడు చోట్ల చూడండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో దేశపు ఆరోగ్య శాఖ, పిల్లల వైద్యుల సంఘం, అన్ని అధ్యయనాలనూ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలు. నలుగురూ విడివిడిగా ఒకే మాట అంటే దానికి బరువుంటుంది. మంచి టీకా సైట్ల జాబితా కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే 'వ్యాక్సిన్ సేఫ్టీ నెట్' ఉంది.

4. ఒక ఫార్వర్డ్‌ను విప్పి చూద్దాం

ఇది అచ్చంగా ఎవరూ పంపింది కాదు. తరచూ తిరిగే ముక్కలన్నీ కలిపి నేనే కుట్టాను:

"ప్రతి తల్లీ తప్పక చదవాలి!! ఎంఎంఆర్ టీకాలో పాదరసం ఉంది. దానివల్ల ఆటిజం వస్తుందని ఒక బ్రిటన్ డాక్టరు నిరూపిస్తే ఆయన నోరు నొక్కేశారు. ప్రభుత్వ రికార్డుల్లోనే వేల మరణాలున్నాయి. కంపెనీ వాళ్ల కాగితంలోనే ఆటిజం అని రాసుంది. డిలీట్ అయ్యేలోపు పదిమందికి పంపండి."

"డిలీట్ అయ్యేలోపు" అన్నచోట మొదట ఆగండి. నిజమైన వైద్య హెచ్చరిక రేపు ఉదయం కూడా నిజమే. తొందరపెట్టేది మనల్ని సరిచూసుకోనివ్వకూడదని.

పాదరసం సంగతి. థయోమెర్సాల్ అనే పాదరస సమ్మేళనాన్ని కొన్ని టీకా సీసాల్లో సూక్ష్మజీవులు పెరగకుండా వాడతారు. ఎంఎంఆర్ బలహీనపరిచిన బతికున్న వైరస్‌లతో చేసేది. అందులో థయోమెర్సాల్ ఏనాడూ లేదు. టీకా సీసాలో ఏముందో కూడా చూసుకోనివాళ్లు మిగతావి చూసి రాశారంటే ఎలా నమ్మడం?

బ్రిటన్ డాక్టరు అంటే ఆండ్రూ వేక్‌ఫీల్డ్. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆయన పత్రంలో ఉన్నది 12 మంది పిల్లల వివరాలు. టీకాకు, వాళ్ల సమస్యకు సంబంధాన్ని తాము నిరూపించలేదని ఆ పత్రంలోనే రాసుంది. "నిరూపించాడు" అన్నది తర్వాత పుట్టిన మాట. టీకా కంపెనీల మీద దావా వేయబోతున్న లాయర్ల నుంచి ఆయనకు డబ్బు ముట్టిన సంగతి, పిల్లల వివరాలు మార్చిన సంగతి బ్రయాన్ డీర్ అనే పాత్రికేయుడు బయటపెట్టాడు. 2010లో లాన్సెట్ ఆ పత్రాన్ని ఉపసంహరించుకుంది, అదే ఏడాది ఆయన వైద్యుల రిజిస్టర్‌లో పేరు పోగొట్టుకున్నాడు. నోరు నొక్కడం మాటకొస్తే, ఆయన చెప్పినదాన్ని పరీక్షించడానికి దేశదేశాల్లో పరిశోధనలు జరిగాయి. డెన్మార్క్‌లో 1999 నుంచి 2010 వరకు పుట్టిన 6,57,461 మంది పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనం వాటిలో ఒకటి. టీకా వేసినవాళ్లలో ఆటిజం ఎక్కువగా లేదు. అక్క, అన్నకు ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా ఎక్కువ కాలేదు.

అయినా "మా బాబు టీకా వేశాకే మాటలు తగ్గించాడు" అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆటిజం లక్షణాలు ఇంట్లోవాళ్లకు బయటపడటం మొదలయ్యేది తరచుగా రెండో ఏట. చాలా దేశాల్లో ఎంఎంఆర్ మొదటి డోసు వేసేదీ ఆ చుట్టుపక్కలే. రెండూ వెంటవెంటనే వస్తే కాకతాళీయం అనుకోవడం ఆ తల్లికి ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే టీకా వేసిన, వేయని పిల్లలను లక్షల్లో పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తుంది.

"ప్రభుత్వ రికార్డులు" అంటే చాలావరకు అమెరికాలో 1990లో మొదలైన వేయర్స్ అనే నమోదు వ్యవస్థ. అందులో ఎవరైనా, ఏదైనా నమోదు చేయవచ్చు. టీకా తర్వాత జరిగినది రాయాలి, టీకావల్లే జరిగిందని తేలనక్కర్లేదు. టీకా వేసుకున్నాక హల్క్‌లా మారిపోయానని జేమ్స్ లైడ్లర్ అనే డాక్టరు కావాలనే నివేదిక పంపితే అది కూడా నమోదైంది. అలాగని అది పనికిమాలినదేమీ కాదు. రోటాషీల్డ్ అనే రోటావైరస్ టీకా 1998లో అమెరికాలో వచ్చింది. కొందరు పిల్లల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోతోందని మొదట పసిగట్టింది ఈ నివేదికల్లోనే. విచారణలో నిజమని తేలింది, దాదాపు పదివేల మందికి ఒకరు. 1999లోనే ఆ టీకాను వెనక్కి తీసుకున్నారు. అక్కడున్న అంకె విచారణకు ఆరంభం, దాన్నే తీర్పుగా చూపిస్తే మోసం.

కంపెనీ కాగితం గొడవా ఇలాంటిదే. డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గులకు వేసే ట్రైపీడియా అనే టీకా కరపత్రంలో ఆటిజం అనే మాట నిజంగానే ఉంది. కానీ అది మార్కెట్లోకి వచ్చాక వచ్చిన నివేదికల జాబితా. టీకాయే కారణమని వీటితో తేల్చలేమని ఆ పక్కనే రాసుంది. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు ఆ వాక్యం దగ్గరే కత్తిరిస్తారు. స్క్రీన్‌షాట్ కనిపిస్తే అసలు పేజీ తెరిచి పైన రెండు వాక్యాలు, కింద రెండు వాక్యాలు చదవండి.

5. అంకె కనిపిస్తే, ఎంతమందిలో అని అడగండి

"తట్టు సోకినవాళ్లలో నలుగురిలో ముగ్గురు టీకా వేసుకున్నవాళ్లే!" ఇలాంటి శీర్షిక నూటికి నూరుపాళ్లు నిజమై ఉండి కూడా దారి తప్పించగలదు. లెక్క వేసి చూడండి. వెయ్యిమంది పిల్లలున్న బడి అనుకుందాం. 990 మందికి రెండు డోసులూ పడ్డాయి, పదిమందికి అసలు పడలేదు. రెండు డోసుల తట్టు టీకా నూటికి 97 మందిని కాపాడుతుంది కాబట్టి 990 మందిలో సుమారు 30 మందికి రక్షణ లేదు. తట్టు బడిలోకి వచ్చి అందరినీ తాకితే రక్షణ లేని పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. అంటే టీకా వేసుకున్నవాళ్లలో 27 మందికి, వేసుకోనివాళ్లలో 9 మందికి. మొత్తం 36 మందిలో 27 మంది, శీర్షిక తప్పు కాదు. కానీ టీకా లేని పదిమందిలో తొమ్మిదిమంది మంచమెక్కారు, టీకా ఉన్నవాళ్లలో నూటికి ముగ్గురు కూడా లేరు.

"రెట్టింపైంది", "50 శాతం పెరిగింది" అన్నప్పుడూ ఎంత నుంచి ఎంతకు అని చూడండి. పది లక్షల్లో ఒకరు ఇద్దరైనా రెట్టింపే.

6. తప్పు ఒప్పుకునే చోటును ఎక్కువ నమ్మండి

"టీకాలు వందశాతం సురక్షితం, ప్రశ్నలేమీ వద్దు" అనే పేజీని కూడా నేను అంతగా నమ్మను. 1955లో అమెరికాలో కటర్ ల్యాబొరేటరీస్ తయారుచేసిన పోలియో టీకా కొన్ని బ్యాచ్‌లలో వైరస్ చావలేదు. సుమారు 200 మందికి పక్షవాతం వచ్చింది, పదిమంది చనిపోయారు. టీకాల తయారీ మీద నిఘా గట్టిపడింది ఆ తర్వాతే. మంచి మూలం ఇలాంటివి దాచదు. ఎంతమందికి, ఎందుకు, తర్వాత ఏం మార్చారో చెబుతుంది.

ఒక తప్పు తర్వాత ఏం జరగవచ్చో సమోవా దీవులు చూపించాయి. 2018లో ఎంఎంఆర్ పొడిని నీళ్లకు బదులు పొరపాటున గడువు తీరిన మత్తుమందుతో కలిపి వేయడంతో ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. టీకాలో లోపం లేదు, కలిపిన చేతిలో ఉంది. కానీ టీకాలు నెలల తరబడి ఆగాయి, పుకార్లు రాజ్యమేలాయి, తట్టు టీకా పడిన పసివాళ్లు మూడోవంతుకు పడిపోయారు. 2019 చివర్లో తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభా ఉన్న దేశంలో 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు. చనిపోయిన 83 మందిలో ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలు.

చాట్‌బాట్‌ల గురించి ఒక్క మాట. ప్రశ్నలోనే భయం నింపి అడిగితే జవాబు కూడా అటే ఒరగవచ్చు. లేని పరిశోధనకు పేరు, సంవత్సరం కల్పించి చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అది చెప్పిన పత్రాన్ని తెరిచి చూడనిదే లెక్కలోకి తీసుకోవద్దు.

7. మిగిలిన ప్రశ్నలు డాక్టరు ముందు పెట్టండి

ఇంతవరకు చదివింది పిల్లలందరి గురించి. మీ బిడ్డ గురించి చెప్పగలిగేది బిడ్డను చూసిన డాక్టరే. మూడు ప్రశ్నలకు మించకుండా రాసుకెళ్లండి, వెళ్లగానే "టీకా గురించి మూడు అడగాలి" అని ముందే చెప్పండి. చివర్లో, తలుపు దగ్గర నిలబడి అడిగితే ఎవరైనా తొందరలోనే జవాబిస్తారు. మూడింటిలో ఒకటి తప్పకుండా ఇది: "ఈ టీకా మా బిడ్డకు వేయకూడని కారణం ఏదైనా ఉందా?"

అలాంటి కారణాలు నిజంగా ఉన్నాయి. ముందు డోసుకో, అందులోని పదార్థానికో తీవ్రమైన అలర్జీ రావడం ఒకటి. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న పిల్లలకు ఎంఎంఆర్ లాంటి లైవ్ టీకాలు వేయరు. ఒకసారి పేగు చొచ్చుకుపోయిన బిడ్డకు రోటావైరస్ చుక్కలు వేయరు. మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం ఈ జాబితాలో లేవు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకూ సాధారణంగా పుట్టిన తేదీ లెక్కనే వేస్తారు. కసురుకునే డాక్టరైతే మరొకరి దగ్గరికి వెళ్లండి, టీకాను మాత్రం మానేయకండి.

8. ఇంట్లో ఒకరికి సమ్మతం కాకపోతే

లింకుల మీద లింకులు పంపితే పంతం పెరుగుతుంది. "ఏం విన్నాక భయమేసింది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా విని, ఆ ఒక్కదాని గురించే ఇద్దరూ కలిసి 3వ అంచె పద్ధతిలో చూడండి. పెద్దవాళ్లు ఫార్వర్డ్ పంపితే గ్రూపులో అందరిముందూ కాదనకుండా విడిగా ఫోన్ చేయండి. వాళ్లు పంపింది మనవల మీద ప్రేమతోనే.

9. గడువు పెట్టుకోండి, వేయించాక చూసుకోండి

డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీనే చదవడానికి గడువుగా పెట్టుకోండి. "ఇంకొంచెం తెలుసుకుని వేయిద్దాం" అనేది జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ, వాయిదా కూడా ఒక నిర్ణయమే. కోరింత దగ్గు అత్యంత ప్రమాదకరంగా మారేది మొదటి కొద్ది నెలల్లోనే. ఎదురుచూసే కాలమంతా బిడ్డ రక్షణ లేకుండా ఉంటుంది.

వేయించాక కనీసం 15 నిమిషాలు అక్కడే కూర్చోండి. తీవ్రమైన అలర్జీ అరుదు, సుమారు పది లక్షల డోసులకు ఒకటి, వచ్చినా ఎక్కువగా నిమిషాల్లోనే వస్తుంది, చికిత్స అక్కడే ఉంటుంది. సూది వేసినచోట వాపు, చిరాకు, జ్వరం ఒకటి రెండు రోజులు మామూలే. ఎంఎంఆర్ జ్వరం మాత్రం వారం నుంచి 12 రోజుల మధ్య రావచ్చు, అది తెలియక కంగారుపడేవాళ్లు చాలామంది. ఊపిరి అందకపోవడం, ముఖం వాయడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, రోటావైరస్ చుక్కల తర్వాత ఆగి ఆగి గుక్కపట్టి ఏడవడం, మలంలో రక్తం: వీటిలో ఏది కనిపించినా ఫోన్‌లో వెతకడం మాని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబరు కార్డు మీద రాయించుకోండి. ఏదైనా తేడా జరిగితే టీకావల్లా కాదా అని మీరు తేల్చాల్సిన పనిలేదు, ఆ నంబరుతో సహా నమోదు చేయమని అడగండి.